గాలి వేసిన మెట్లు: పోలరోగ్రఫీ చరిత్రలో కరిగిన ఆక్సిజన్

పోలరోగ్రఫీ ప్రయోగానికి మీరు అధ్యయన కేంద్రానికి వెళ్లినప్పుడు, అక్కడి బోధకులు మొట్టమొదట చేయించే పని ఒకటుంది. ద్రావణంలోకి సన్నని గాజు గొట్టం దించి, సిలిండరు నుంచి నైట్రోజన్ వాయువును పది పదిహేను నిమిషాలపాటు బుడగలు బుడగలుగా పంపిస్తారు. ఎందుకని అడిగితే ‘ఆక్సిజన్ ఆటంకం కలిగిస్తుంది, దాన్ని తొలగించాలి’ అని సమాధానం వస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో కూడా దీనికి ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. సమాధానం సరైనదే. అయితే ఆ రెండు వాక్యాల వెనుక నలభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఆక్సిజన్ మొదట ఎవరూ పిలవని అతిథి. తర్వాత లెక్కలు తప్పించే దొంగ. చివరికి కొలవదగిన వస్తువు. ఈ పాఠంలో ఆ చరిత్రను చూద్దాం.

ముందుగా, గత పాఠంలో నేర్చుకున్నది ఒకసారి గుర్తు చేసుకోండి. ద్రావణంలో రెండు ఎలక్ట్రోడ్లు ఉంచి, వాటి మధ్య వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచుతూ ప్రవాహాన్ని గ్రాఫుగా గీస్తాం. ఒక లోహ అయాను క్షయకరణం చెందే పొటెన్షియల్ రాగానే ప్రవాహం ఒక్కసారిగా పెరిగి, తర్వాత సమతలంగా సాగుతుంది. గ్రాఫు మీద అది మెట్టులా కనిపిస్తుంది. పుస్తకాలు దాన్ని తరంగం అంటాయి. మెట్టు ఎక్కడ వచ్చిందో చూసి ఏ లోహమో చెబుతాం, మెట్టు ఎత్తును బట్టి ఎంత ఉందో చెబుతాం. ఈ పద్ధతి మొత్తం ఆధారపడింది ఒక్క నమ్మకం మీద: ఆ మెట్టు మనం వెతుకుతున్న లోహానిదే అనే నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆక్సిజన్ ఎలా దెబ్బతీస్తుందన్నదే ఇప్పుడు మన విషయం.

లండన్ నుంచి ప్రాగ్ వరకు

యారోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ 1890లో ప్రాగ్ నగరంలో పుట్టారు. చదువుకోసం 1910లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి వెళ్లారు. అక్కడ ఆచార్య డోనన్ ఆయనకు ఒక సమస్య ఇచ్చారు: అల్యూమినియం ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ను కొలవడం. చూడటానికి తేలికైన పని. చేతిలోకి తీసుకుంటే అంకెలు నిలకడగా ఉండవు. అల్యూమినియం ఉపరితలం గాలి తగలగానే పలుచని ఆక్సైడ్ పొరను కప్పుకుంటుంది, దానికి తోడు హైడ్రోజన్ బుడగలు వెలువడుతుంటాయి. ఇంట్లో అల్యూమినియం గిన్నెను కొత్తగా తోమినప్పటి మెరుపు ఎంతసేపు నిలుస్తుందో మీకు తెలుసు కదా, ఆ పొర సంగతే ఇది. ఉపరితలం ఎప్పటికప్పుడు కొత్తగా ఉండాలంటే లోహాన్ని పాదరసంలో కరిగించి, సన్నని కేశనాళిక గుండా చుక్కలు చుక్కలుగా రాలనిస్తే బాగుంటుందని డోనన్ సూచించారు. అంటే హెయ్‌రోవ్‌స్కీని రాలే చుక్క వైపు మొదట నెట్టిన కారణాల్లో ఆక్సిజన్ కూడా ఒకటి. అప్పటికి ఆ ఇద్దరికీ ముందుముందు జరగబోయేది తెలియదు.

1914 వేసవిలో సెలవులకు ఇంటికి వచ్చిన హెయ్‌రోవ్‌స్కీ యుద్ధం మొదలవడంతో తిరిగి లండన్ వెళ్లలేకపోయారు. సైనిక ఆసుపత్రిలో పనిచేస్తూనే సిద్ధాంత గ్రంథం పూర్తిచేసి 1918లో డాక్టరేట్ పరీక్షకు కూర్చున్నారు. భౌతికశాస్త్ర పరీక్షకుడు బోహుమిల్ కుచెరా. పాదరసానికి విద్యుదావేశం ఇచ్చినప్పుడు దాని తలతన్యత ఎలా మారుతుందో, రాలిన చుక్కలను తూచి కనుక్కునే పద్ధతిని కుచెరా 1903లో రూపొందించారు. ఆ కొలతల్లో వివరణకు లొంగని కొన్ని వంకరలు ఉన్నాయి. వాటిని చూడమని ఆయన ఈ యువకుడికి చెప్పారు. హెయ్‌రోవ్‌స్కీ ఏళ్ల తరబడి చుక్కలు తూచారు. కుచెరా 1921లో మరణించారు, ఫలితం చూడలేదు.

చుక్కలను తూచడం ఎంత విసుగు పుట్టించే పనో ఒక్కసారి ఊహించండి. ఒక్కొక్క వోల్టేజి దగ్గర కొన్ని పదుల చుక్కలు పట్టాలి, కడగాలి, ఆరబెట్టాలి, తూచాలి. 1922 ఫిబ్రవరి 10న హెయ్‌రోవ్‌స్కీ తూనికను పక్కనబెట్టి, వలయంలో సున్నితమైన గాల్వనోమీటరును కలిపి ప్రవాహాన్నే చదివారు. సోడియం అయాన్లున్న ద్రావణంలో వోల్టేజి పెంచుతూ పోతే, దాదాపు 2 వోల్టుల దగ్గర సోడియం పాదరసంలో చేరుతున్నప్పుడు ప్రవాహం నిట్టనిలువుగా లేచింది. పోలరోగ్రఫీ పుట్టినరోజు అదేనని చరిత్రకారులు లెక్కిస్తారు. ఆ ఏడాదే చెక్ భాషలో, మరుసటి ఏడాది ఇంగ్లీషులో ఆయన వ్యాసాలు వచ్చాయి.

పాదరసాన్నే ఎందుకు వాడాలనే ప్రశ్నకు ఇక్కడ రెండు సమాధానాలు దొరుకుతాయి. చుక్క రాలిన ప్రతిసారీ కొత్త ఉపరితలం వస్తుంది, పాత మురికి మిగలదు. రెండోది, పాదరసం మీద హైడ్రోజన్ అంత త్వరగా వెలువడదు కాబట్టి చాలా రుణాత్మక పొటెన్షియల్ దాకా వెళ్లి జింకు, సోడియం వంటి లోహాలను కూడా చూడవచ్చు.

రెండు మెట్లు ఎవరివి?

లోహ అయాను ఏదీ కలపని, కేవలం పొటాషియం క్లోరైడ్ మాత్రమే ఉన్న ద్రావణాన్ని మూత లేని బీకరులో పెట్టి గ్రాఫు గీయండి. సరళరేఖ రావాలి. కానీ రెండు పెద్ద మెట్లు వస్తాయి. సంతృప్త కాలోమెల్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి చూస్తే మొదటిదాని మధ్యబిందువు దాదాపు −0.05 వోల్టు దగ్గర, రెండోది దాదాపు −0.9 వోల్టు దగ్గర ఉంటుంది. ద్రావణాన్ని బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి. ఎత్తులు మాత్రం దాదాపు సమానం.

ఇవి గాలివని తేల్చుకోవడం ఎలా? హైడ్రోజన్‌నో నైట్రోజన్‌నో పంపితే రెండూ కలిసి మాయమవుతాయి. గాలిని మళ్లీ ఊదితే రెండూ కలిసి తిరిగి వస్తాయి. గాలి తీసేసిన ద్రావణంలో కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే రెండో మెట్టు ఒక్కటే కనిపిస్తుంది. దీన్నిబట్టి ఆక్సిజన్ అణువు ఒక్క దూకుడులో నీరు కావడంలేదని, మొదటి మెట్టులో రెండు ఎలక్ట్రాన్లు తీసుకొని హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుందని, రెండో మెట్టులో మరో రెండు తీసుకొని నీరవుతుందని అర్థమైంది. మెట్ల ఎత్తు సమానంగా ఉండటానికి కారణం అదే. రసాయన చర్య మధ్యలో పుట్టి పోయే పదార్థం ఇలా గ్రాఫు మీద విడిగా కనిపించడం ఆనాటి రసాయనశాస్త్రజ్ఞులకు ముచ్చట గొలిపే విషయం. ఆటంకం అని మనం కొట్టిపారేస్తున్నది వాళ్లకు పాఠం అయింది.

1925లో హెయ్‌రోవ్‌స్కీ, జపాన్ నుంచి వచ్చిన మసుజో షికాటాతో కలిసి గ్రాఫును దానంతటదే గీసే యంత్రాన్ని తయారుచేశారు. గాల్వనోమీటరు అద్దం నుంచి పరావర్తనం చెందిన వెలుగు చుక్క, తిరిగే డ్రమ్ము మీది ఫోటో కాగితంపై గీత గీస్తుంది. దానికి పోలరోగ్రాఫ్ అని పేరు పెట్టారు. గంటల తరబడి పట్టే పని నిమిషాల్లోకి వచ్చింది. వేగంతోపాటు ఒక ప్రమాదం కూడా వచ్చింది. నా దృష్టిలో ఇది చెప్పుకోవలసిన సంగతి. గ్రాఫు మీద చిన్న గూని కనిపించగానే దానికొక పేరు పెట్టాలనే ఆశ పుడుతుంది. ఆ ఏడాదే హెయ్‌రోవ్‌స్కీ, డొలేయ్‌షెక్ అనే సహచరుడితో కలిసి మాంగనీస్ లవణాల్లో 75వ మూలకం జాడ ఉందని ప్రకటించారు. మెండలీవ్ సంస్కృత సంఖ్యతో ‘ద్వి-మాంగనీస్’ అని పేరుపెట్టి ఖాళీగా ఉంచిన గడి అది. ఆ వాదన నిలవలేదు. నేడు మనం రీనియం అంటున్న ఆ మూలకాన్ని కనుగొన్న పేరు జర్మనీలోని నోడాక్, టాకె, బెర్గ్‌లకు దక్కింది. ఆ గూని ఆక్సిజన్‌దని నేను అనడంలేదు. పద్ధతిని కనిపెట్టిన వ్యక్తి కూడా గ్రాఫును తప్పుగా చదివే అవకాశం ఉందని మాత్రమే అంటున్నాను. తెలియని గూనికి పేరు పెట్టేముందు తెలిసిన వాటన్నింటినీ తొలగించాలి. తెలిసిన వాటిలో అన్నింటికంటే పెద్దది గాలి.

తీసివేత లెక్క ఎందుకు సరిపోదు?

ఎంత పెద్దది? 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గాలితో సమతాస్థితిలో ఉన్న లీటరు నీటిలో దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. మోలారిటీలో చెప్పాలంటే దాదాపు 0.00026. మన దేశ తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రామును మించకూడదు. సీసం పరమాణు భారం 207తో భాగించి మీరే లెక్క కట్టండి. ఆ పరిమితి దగ్గర ఒక్క సీసం అయానుకు ఐదు వేలకు పైగా ఆక్సిజన్ అణువులు ఆ నీటిలో ఉంటాయి. జాతరలో తప్పిపోయిన ఒక్క పిల్లవాడి గొంతు వినాలని మనం చెవి ఒగ్గుతున్నాం. ఐదువేల మంది ఒకేసారి మాట్లాడుతున్నారు.

సీసం మెట్టు −0.4, కాడ్మియం మెట్టు −0.6 వోల్టు ప్రాంతంలో వస్తాయి. అంటే ఆక్సిజన్ మొదటి మెట్టు ఎక్కేసిన తర్వాత, దాని సమతలం మీద. రాగి మెట్టు సున్నా దరిదాపుల్లో ఆక్సిజన్ మొదటి మెట్టుతోనే కలిసిపోతుంది. జింకు −1.0 వోల్టు దగ్గర రెండో మెట్టుతో కలిసిపోతుంది.

ఇక్కడ చురుకైన విద్యార్థి ఒకరు తప్పకుండా అడుగుతారు: ఆక్సిజన్ ఎత్తు ఎంతో విడిగా కొలిచి మొత్తంలోంచి తీసేస్తే సరిపోదా? తొలినాళ్లలో కొందరికి ఈ ఆలోచన సహజంగానే వచ్చి ఉంటుంది. కొన్ని ఇబ్బందులున్నాయి. ఆక్సిజన్ ద్రావణీయత ఉష్ణోగ్రతతో మారుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.1 మిల్లీగ్రాములు ఉంటే 30 డిగ్రీల దగ్గర 7.5 మిల్లీగ్రాములే. మన వేసవిలో ప్రయోగశాల తలుపు తెరిచి ఉంటే ఉదయం కొలతకూ మధ్యాహ్నం కొలతకూ పొంతన కుదరదు. ద్రావణంలో ఉప్పు పెరిగితే ఆక్సిజన్ తగ్గుతుంది. పైగా పెద్ద అంకెలోంచి పెద్ద అంకెను తీసి చిన్న అంకెను పట్టుకోవడమంటే, మనిషి ఎక్కిన లారీని తూచి, దిగిన లారీని తూచి మనిషి బరువు చెప్పినట్టే.

అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. తటస్థ ద్రావణంలో ఆక్సిజన్ క్షయకరణం చెందుతూ హైడ్రాక్సైడ్ అయాన్లను వదులుతుంది. బఫరు లేకపోతే పాదరస చుక్కను ఆనుకొని ఉన్న పలుచని పొర క్షారంగా మారిపోతుంది. బీకరులోని ద్రావణంలో పి.హెచ్. కాగితం ముంచితే ఏ మార్పూ కనిపించదు. చుక్క చర్మం దగ్గర మాత్రం సీసం, కాడ్మియం, జింకు అయాన్లు ఎలక్ట్రోడ్‌ను చేరకముందే హైడ్రాక్సైడ్‌లుగా అవక్షేపం చెందుతాయి. అప్పుడు లోహపు మెట్టు ఉండవలసిన ఎత్తుకంటే తగ్గుతుంది. ఆక్సిజన్ ఒక చేత్తో తన ప్రవాహాన్ని కలుపుతుంది, ఇంకో చేత్తో లోహం ప్రవాహాన్ని దొంగిలిస్తుంది. కలిపినది తీసేయగలం, దొంగిలించినది ఎంతో ఎలా తెలుస్తుంది? తీసివేత లెక్క కుదరకపోవడానికి ప్రధాన కారణం ఇదే. పరీక్షలో ‘ఆక్సిజన్ ఆటంకం’ అని రాసేటప్పుడు చాలామంది మొదటి చేయి గురించి రాసి రెండోదాన్ని మరచిపోతారు.

1934లో ఇల్కోవిచ్ వ్యాపన ప్రవాహానికి సమీకరణం ఇచ్చాక మెట్టు ఎత్తుకూ గాఢతకూ సంబంధం గట్టి పునాది మీద నిలిచింది. సమీకరణం ఎంత గట్టిదైతే మెట్టు అంత శుభ్రంగా ఉండాలి. అందుకే ఆ తరం వాళ్లు గాలిని తరిమే ఉపాయాలకు అంత శ్రమ పెట్టారు. హైడ్రోజన్, నైట్రోజన్ రెండూ వాడారు. హైడ్రోజన్‌తో నిప్పు భయం ఉంది కనుక నైట్రోజన్ నిలిచింది. క్షార ద్రావణాలకు సోడియం సల్ఫైట్ చిటికెడు వేస్తే చాలు, ఆక్సిజన్‌ను అది తినేస్తుంది. ఆమ్ల ద్రావణంలో అదే సల్ఫైట్ సల్ఫర్ డయాక్సైడ్‌గా మారి తానే ఒక మెట్టు వేస్తుంది కాబట్టి అక్కడ పనికిరాదు. సిలిండరులో వచ్చే నైట్రోజన్‌లోనూ కొద్దిపాటి ఆక్సిజన్ ఉంటుంది. దాన్ని వేడిచేసిన రాగి మీదుగానో, క్షయకరణ గుణం గల వెనేడియం, క్రోమియం లవణ ద్రావణాల గుండానో పంపి శుభ్రం చేసేవారు. అమెరికాలో కోల్తాఫ్, లింగేన్ 1941లో ప్రచురించిన పోలరోగ్రఫీ గ్రంథంతో ఈ జాగ్రత్తలు ప్రపంచమంతటా ప్రయోగశాలల అలవాటుగా మారాయి.

నా అనుభవం ఒకటి చెబుతాను. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో బావి నీటి నమూనాల్లో జింకు కొలుస్తున్నాను. నైట్రోజన్ పదిహేను నిమిషాలు పంపేవాణ్ని, గడియారం చూసి మరీ. అయినా జింకు అంకెలు రోజురోజుకూ పెరుగుతున్నాయి. వారం రోజులు బావులనే అనుమానించాను. చివరికి స్వేదనజలాన్ని పరీక్షించాను, అందులోనూ ‘జింకు’ వచ్చింది! సిలిండరు నుంచి ఘటం దాకా ఉన్న మూడు గజాల రబ్బరు గొట్టం పాతబడి సన్నగా పగుళ్లిచ్చింది. రబ్బరు గుండా గాలి మామూలుగానే కొద్దికొద్దిగా లోపలికి చొరబడుతుంది, పగిలితే చెప్పేదేముంది? నేను కొలిచింది జింకును కాదు, గొట్టం వయస్సును. అప్పటికే పద్దెనిమిది నమూనాల ఫలితాలు మా ఆచార్యులకు ఇచ్చి ఉన్నాను. వెళ్లి చెప్పుకోక తప్పలేదు. ఆయన కోప్పడలేదు కానీ, ఖాళీ ద్రావణం గ్రాఫు ఏదని ఒక్క ప్రశ్న అడిగారు. నా దగ్గర లేదు.

శత్రువే కొలతగా మారిన వైనం

ఆక్సిజన్ మెట్టు ఎత్తు ఆక్సిజన్ గాఢతకు అనుపాతంలో ఉంటుందంటే, దాన్నే కొలతగా వాడుకోవచ్చు గదా? నీటిలో కరిగిన ఆక్సిజన్‌కు అప్పటికే వింక్లర్ 1888లో ఇచ్చిన అంశమాపన పద్ధతి ఉంది. మీరు పర్యావరణ రసాయనశాస్త్రంలో చేసే ప్రయోగం అదే. కానీ దానికి సీసాడు నీళ్లు, మాంగనీస్, అయోడిన్ కారకాలు కావాలి. బతికున్న కణాల్లో, రక్తంలో అది కుదరదు. 1938లో పీటరింగ్, డేనియల్స్ రాలే పాదరస ఎలక్ట్రోడ్‌తో జీవశాస్త్ర ద్రావణాల్లో ఆక్సిజన్‌ను కొలిచారు. 1942లో డేవిస్, బ్రింక్ సన్నని ప్లాటినం ఎలక్ట్రోడ్లతో జంతు కణజాలంలోనే కొలిచారు. రక్తంలో ప్లాటినం ఎక్కువసేపు పనిచేయదు, ప్రోటీన్లు అంటుకొని ఉపరితలం పాడవుతుంది.

ఈ ముడిని విప్పింది అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పనిచేసిన లీలాండ్ క్లార్క్. శస్త్రచికిత్స సమయంలో రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే పరికరాల మీద ఆయన పనిచేస్తుండేవారు. 1954లో ఆయన ప్లాటినం ఎలక్ట్రోడ్‌నూ, దాని జోడీగా వెండి ఎలక్ట్రోడ్‌నూ కలిపి ఒకే పాలిథీన్ పొర వెనుక ఉంచారు. పొర గుండా ఆక్సిజన్ వస్తుంది, ప్రోటీన్లూ లోహ అయాన్లూ రావు. ప్లాటినానికి దాదాపు −0.6 వోల్టు ఇస్తే వచ్చిన ఆక్సిజన్ వచ్చినట్టే క్షయకరణం చెంది ప్రవాహాన్నిస్తుంది. వివరాలు 1956లో అచ్చయ్యాయి. గమనించండి, పాత పద్ధతిలో లోహాన్ని చూడాలని ఆక్సిజన్‌ను తరిమారు. ఇందులో ఆక్సిజన్‌ను చూడాలని లోహాలను గడప బయట నిలబెట్టారు. 1962లో క్లార్క్, లయన్స్ ఆ పొర దగ్గర గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమును బంధించి, ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో చూసి గ్లూకోజ్‌ను కొలిచే మార్గం చూపారు. మధుమేహ రోగుల ఇళ్లలో నేడు ఉన్న గ్లూకోమీటర్ల వంశవృక్షం అక్కడికే వెళుతుంది.

మీలో భీమవరం, కైకలూరు వైపు నుంచి చదువుతున్నవారు ఉంటే, రొయ్యల చెరువు గట్టున తెల్లవారుజామున డీఓ మీటరు ముంచి చూడటం మీకు తెలిసిన దృశ్యమే. రాత్రంతా వృక్షప్లవకాలు కూడా శ్వాసిస్తాయి కాబట్టి ఆ వేళకు ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది, ఏరియేటర్లు తిప్పాలో లేదో ఆ అంకె చెబుతుంది. ఇప్పుడు కాంతితో పనిచేసే మీటర్లు కూడా వస్తున్నాయి. పొర ఉన్న మీటరైతే మాత్రం అందులో జరిగేది పోలరోగ్రాఫు మీద విసిగించిన మెట్టే.

లోహాల వైపు కథ ఆగలేదు. వార్సాలో కెముల, కుబ్లిక్ 1950లలో రాలకుండా వేలాడే పాదరస చుక్కను వాడుకలోకి తెచ్చారు. కొన్ని నిమిషాలపాటు లోహాన్ని ఆ చుక్కలో పోగుచేసి, తర్వాత ఒక్కసారిగా బయటికి తీసి కొలవడం దీని కిటుకు. దీన్ని ఆనోడిక్ స్ట్రిప్పింగ్ అంటారు. లీటరుకు మైక్రోగ్రాము స్థాయిలోని సీసం, కాడ్మియం ఇలా దొరుకుతాయి. ఇక్కడ ఆక్సిజన్ కొత్త వేషం వేసింది. పాదరసంలో పోగుపడిన లోహాన్ని అది రసాయనికంగా ఆక్సీకరించి, మనం తీయకముందే బయటికి తోసేస్తుంది. గల్లాపెట్టె నిండుతుండగానే అడుగున చిల్లు పడటంలాంటిది. ఇంగ్లండులో బార్కర్ 1952లో ప్రవేశపెట్టిన చతురస్ర తరంగ పద్ధతి కొంత ఉపశమనం ఇచ్చింది. ఆక్సిజన్ చర్య ఉత్క్రమణీయం కాదు కనుక, వేగంగా అటూ ఇటూ మారే వోల్టేజికి అది లోహాలంత బలంగా స్పందించదు. నేడు నైట్రోజన్ సిలిండరు లేకుండా నీటిగట్టునే సీసం కొలిచే చిన్న పరికరాలు సాధ్యమవడానికి ఈ తేడా ఒక కారణం.

హెయ్‌రోవ్‌స్కీకి 1959లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1967లో ఆయన మరణించారు.

అభ్యాసం: ప్రయోగశాలకు వెళ్లినప్పుడు నైట్రోజన్ పంపక ముందే ఒక గ్రాఫు గీయండి. ఐదు నిమిషాలు పంపాక ఒకటి, పదిహేను నిమిషాలు పంపాక ఒకటి గీసి, మూడింటినీ ఒకే కాగితం మీద వేసి రికార్డులో అతికించండి. వాయువు పంపడం ఆపాకే కొలవాలి, లేకపోతే బుడగల కదలిక వల్ల ప్రవాహం చలిస్తుంది. కొలిచేంతసేపూ ద్రావణం పైభాగాన నైట్రోజన్ ప్రవహిస్తూనే ఉండాలి. ఆ రోజు గది ఉష్ణోగ్రతను, గొట్టం రబ్బరుదా మరొకటా అన్న సంగతిని పక్కన రాయండి.